బాణీ వాళ్ళది, పేరు తనది

ఈ పూట మీకు ఒక గాయనిని పరిచయం చేద్దామని వచ్చాను. పేరు గిన్నీ మాహీ. ఇంకోసారి చెబుతాను, గుర్తుపెట్టుకోండి: గిన్నీ మాహీ. ఊరు పంజాబులోని జలంధర్. తొంభైల చివర పుట్టిన అమ్మాయి. పాడేది పంజాబీ పాప్. డోలు మోగుతుంది, దాని కింద కంప్యూటర్ బీటు దడదడలాడుతుంది, మధ్యలో కాస్త ర్యాప్ వచ్చిపోతుంది. పెళ్ళి ఊరేగింపులో పెట్టినా కాళ్ళు ఆగవు. ఆడపిల్లలకు ధైర్యమిచ్చే పాప్ పాటలేవైనా చెప్పమని ఎవరైనా అడిగితే మనకు వెంటనే అమెరికా పేర్లు, కొరియా పేర్లు తడతాయి. ఆ పాటల్లో ఎక్కువభాగం ఒకే సంగతి చెబుతాయి: నన్ను నేను ప్రేమించుకుంటాను, నువ్వు వదిలేసినా నాకేం కాదు, అద్దంలో నన్ను చూసుకుని మురిసిపోతాను. మంచిదే. అయితే అద్దంలో చూసుకుని మురిసిపోవడానికి కూడా ముందు ఒక పేరు కావాలి. ఆ పేరే తిట్టుగా వాడుకలో ఉంటే ఆ పిల్ల ఏం పాడాలి? గిన్నీ మాహీ పాటలు మొదలయ్యేది అక్కడ. అందుకే ఆమె పాటలు వినమని మీకు గట్టిగా చెబుతున్నాను. ఎందుకు వినాలో, వినొద్దనేవాళ్ళు ఏమంటారో, వాళ్ళ మాటలో నిజమెంతో కూడా ఈ కాసేపట్లో మాట్లాడుకుందాం.

ముందు ఆ ఊరి సంగతి. సట్లెజ్, బియాస్ నదుల మధ్య ప్రాంతాన్ని దోఆబా అంటారు. జలంధర్ ఆ ప్రాంతానికి పెద్ద పట్నం. క్రికెట్ బంతులు, ఫుట్‌బాళ్ళు, తోలు సామాన్లు అక్కడ తయారవుతాయి. ఆ తోలు పని తరతరాలుగా చేసిన కులం చమార్లు. వాళ్ళలో చాలామంది కాశీలో చెప్పులు కుట్టుకుంటూ పాటలు కట్టిన గురు రవిదాస్‌ను కొలుస్తారు. రవిదాస్ ఐదారు వందల ఏళ్ళ కిందటే ఒక పాటలో బేగంపురా అనే పట్నాన్ని ఊహించాడు. అక్కడ దుఃఖం లేదు, పన్నుల బాధ లేదు, పై తరగతి కింది తరగతి లేదు. ఆ పాట సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో కూడా ఉంది. ఈ మట్టి పాటలతో ఊరుకున్నది కాదు. 1926లోనే మంగూ రామ్ నాయకత్వంలో అక్కడ దళితులది వేరే మతమని చాటిన ఆద్ ధర్మ్ ఉద్యమం పుట్టింది. 1931 జనాభా లెక్కల్లో తమ మతం పేరు వేరుగా రాయించుకునేదాకా వాళ్ళు వదల్లేదు. 1951లో అంబేడ్కర్ జలంధర్ వచ్చి మాట్లాడారు. బహుజన సమాజ్ పార్టీ పెట్టిన కాన్షీరామ్ పుట్టింది కూడా పంజాబులోనే. మొత్తం రాష్ట్రంలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు షెడ్యూల్డ్ కులాలవాళ్ళు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. గిన్నీ మాహీ అలా రవిదాస్‌ను కొలిచే ఇంటి బిడ్డ, అంటే రవిదాసియా. అసలు పేరు గుర్‌కన్వల్ భారతి. పలక పట్టిన వయసులోనే పాట పట్టింది. 2015, 2016 సంవత్సరాల్లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లు రవిదాస్ మీద భక్తి పాటలు. ఆ తర్వాతే ఆ అమ్మాయి పేరు రాష్ట్రం దాటింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గిన్నీ పాట విలువ తెలియాలంటే మిగతా పంజాబీ పాప్ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. పంజాబీ రాకపోయినా ఆ పాటలు మీరు వినే ఉంటారు. మన ఊళ్ళ పెళ్ళి బరాతుల్లోనూ అవి మోగుతూనే ఉన్నాయి. ఆ పాటలో కథానాయకుడు ఎవరు? జాట్ కుర్రాడు. భూమి ఉన్న కులంవాడు. ట్రాక్టరు, బుల్లెట్ బండి, పొడవాటి కారు, భుజాన తుపాకి, మెలితిప్పిన మీసం. 1983లో వచ్చిన ఒక సినిమా పేరే పుత్ జట్టాఁ దే, అంటే జాట్ల కొడుకులు. ఆ వరస ఇప్పటికీ తెగలేదు. తుపాకుల మోజు ఎంత ముదిరిందంటే, మద్యాన్నీ మాదకద్రవ్యాలనూ హింసనూ గొప్పగా చూపే పాటలు కచేరీల్లో పాడనీయకండి అని 2019లో పంజాబ్ హర్యానా హైకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. ఈ దర్పం గాల్లోంచి ఊడిపడలేదు. దాని కింద నేల ఉంది. 1900లో బ్రిటిష్‌వాళ్ళు పంజాబులో తెచ్చిన భూ బదలాయింపు చట్టం సాగు కులాల జాబితా ఒకటి తయారు చేసింది. ఆ కులాల సాగుభూమిని జాబితాలో లేనివాళ్ళు కొనడానికి వీల్లేదు. పొలంలో పని చేసే దళితుడు పొలం కొనుక్కోలేడన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక గానీ అది పోలేదు. పాటలో భూమి గర్వం వినిపించినప్పుడు ఆ వెనక భూమి ఎవరికి దక్కలేదన్న లెక్క కూడా ఉంటుంది.

ఇంకో సంగతి వినండి, ఇది చాలా ముఖ్యం. ఆ గర్వపు పాటల్ని పాడిన గొంతులన్నీ జాట్ గొంతులు కావు. పంజాబులో పాటనూ వాయిద్యాన్నీ ఇంటి విద్యగా మోసింది ఎక్కువగా కింది కులాలవాళ్ళే. అమర్ సింగ్ చమ్‌కీలా మీద 2024లో ఇంతియాజ్ అలీ తీసిన సినిమా మీలో కొందరు చూసి ఉంటారు. ధనీ రామ్ అని పుట్టిన దళిత కార్మికుడు చమ్‌కీలాగా మారి రాష్ట్రమంతటినీ ఊపేశాడు. 1988లో మెహ్‌సంపూర్ అనే ఊళ్ళో కచేరీకి దిగుతుండగానే అతన్నీ, అతనితో పాడే భార్య అమర్‌జోత్‌నూ కాల్చి చంపారు. హన్స్ రాజ్ హన్స్ కూడా దళితుడే. 2019లో ఢిల్లీలో రిజర్వుడు స్థానం నుంచి పార్లమెంటుకు వెళ్ళారు. అంటే దళితుడి గొంతు పంజాబీ పాటలో మొదటినుంచీ ఉంది. దళితుడి పేరు మాత్రం అరుదుగానే వినిపించేది. గొంతు ఒకరిది, గొప్ప ఇంకొకరిది. గిన్నీ మాహీ చేసిన పని ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇదే చెబుతాను: ఆ గర్వపు బాణీనంతటినీ అలాగే తీసుకుని, అందులో గర్వపడేవాళ్ళ పేరు మార్చింది. బాణీ వాళ్ళది, పేరు తనది.

డేంజర్ చమార్ అనే పాట ఆమెను దేశానికి పరిచయం చేసింది. అది పుట్టిన తీరు ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. కాలేజీలో ఓ స్నేహితురాలు కులం అడిగింది. షెడ్యూల్డ్ కులం అంది గిన్నీ. అందులో ఏది అని మళ్ళీ అడిగింది. చమార్ అని చెప్పింది. అమ్మో, చమార్లు డేంజర్ కదా అంది ఆ అమ్మాయి. ఆ మాటకు మామూలుగా రెండు రకాల స్పందన ఉంటుంది. ఏడవడం ఒకటి, మేమలాంటివాళ్ళం కాదని సంజాయిషీ చెప్పుకోవడం ఇంకొకటి. గిన్నీ పాట ఈ రెండూ చేయలేదు. అవును, మేం డేంజరే అంది. ఆయుధాలకంటే మేమే డేంజర్ అంది. ఆ మాటలోని చమత్కారం గమనించండి. తుపాకీ పాటలు ఏలుతున్న చోట, తుపాకీ లేకుండానే తుపాకీ కంటే భయపెట్టగలం అని పాడటం. సంజాయిషీ చెప్పుకునేవాడు అవతలివాడిని న్యాయమూర్తిగా ఒప్పుకున్నట్టే. ఈ పాట ఆ న్యాయమూర్తి కుర్చీనే లాగేసింది. ఆమె ఇంకో ప్రసిద్ధ పాట ఫ్యాన్ బాబాసాహెబ్ ది. రాజ్యాంగం రాసిన అంబేడ్కర్‌కు అభిమానిని నేను అని చెప్పుకునే పాట. సినిమా హీరోకు చెప్పుకునే అభిమానం, అదే మాటతో, ఒక చదువుకున్న మనిషికి చెప్పుకుంటుంది. అక్కడ కూడా అదే పద్ధతి. మాట సినిమావాళ్ళది, మనిషి తనవాడు.

ఈ పాటలు 2016లో దేశమంతా వినిపించడం కాకతాళీయం కాదేమో. ఆ జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, కుల వివక్ష మీద పోరాడుతున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించాడు. జులైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు తోలు ఒలిచిన దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. తోలు పని చేసినందుకు బహిరంగంగా దెబ్బలు పడిన ఏడాదే, తోలు పని చేసే కులం పేరు ఒక టీనేజ్ అమ్మాయి గొంతులో డాన్సు పాటై వీధుల్లో మోగింది. ఆ పేరు నోటికి రావడం ఎంత బరువైన పనో చెప్పడానికి ఒక తీర్పు చాలు. ఆ కులంవాళ్ళను అవమానించాలని పదిమందిలో చమార్ అని పిలిస్తే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమేనని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ఇతరులు నోరు జారితే నేరమయ్యే పేరును ఆ కులం బిడ్డ తనే మైకు పట్టుకుని పిలుచుకుంది. ఎవరు పలుకుతున్నారు, ఎందుకు పలుకుతున్నారు అన్నదాన్ని బట్టి ఒకే పేరు చెప్పుదెబ్బ కావచ్చు, తలపాగా కావచ్చు.

తెలుగువాళ్ళకు ఇదంతా కొత్త కాదు. మన దగ్గర వందేళ్ళ కిందటే జరిగింది. గరిమెళ్ళ సత్యనారాయణ మాకొద్దీ తెల్లదొరతనము అనే పాటతో ఊళ్ళన్నీ ఊపేస్తుంటే, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న అనే దళిత కవి మాకొద్దీ నల్లదొరతనము అని బదులు పాట కట్టాడు. స్వాతంత్ర్యం అందరూ అడుగుతున్నారు, సరే, మాకు మీ నుంచి కూడా కావాలి అన్నది ఆయన ప్రశ్న. దానికి ఆయన వేరే రాగం వెతుక్కోలేదు. అందరి నోట్లో నానుతున్న పాట నడకనే పట్టుకున్నాడు. కనుక విన్నవాడికి రెండు పాటలూ ఒకేసారి వినిపిస్తాయి. గిన్నీ మాహీ చేస్తున్నదీ అదే. ఇక పేరు సంగతి. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. అప్పటిదాకా పదిమందిలో చెప్పడానికి నోరు రాని కులం పేరును వేలమంది తమ పేరు చివర తగిలించుకున్నారు. ఆ ఉద్యమ నాయకుడు మంద కృష్ణ మాదిగ అని చెప్పుకోవడం ఆ రోజుల్లో ఎంతమందిని ఉలిక్కిపడేట్టు చేసిందో కాస్త పెద్ద వయసు శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. మాదిగలూ తోలు పనివాళ్ళే, చమార్లూ తోలు పనివాళ్ళే. ఒకచోట డప్పు, ఒకచోట డోలు. తోలుతో చేసిన వాయిద్యం మీదే తోలు పనివాడి పేరు మోగింది, రెండు చోట్లా.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చిన్నది కాదు, గట్టిదే. కులగర్వం తప్పయితే అది జాట్‌దైనా తప్పే, చమార్‌దైనా తప్పే కదా? కులం పోవాలని రాసిన అంబేడ్కర్ పేరు చెబుతూనే కులం పేరుతో గంతులేయడం ఏమిటి? ఈ ప్రశ్న అడిగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కారు, నిజంగా సమానత్వం కోరేవాళ్ళు కూడా అడుగుతారు. నా జవాబు ఇది. రెండు గర్వాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చేసే పని మాత్రం వేరు. జాట్ గర్వం పాటలో ఉన్నా లేకపోయినా అతని పొలం అతనికే ఉంటుంది, గ్రామంలో అతని మాటే చెల్లుతుంది. పాట ఆ పెత్తనానికి అలంకారం. గిన్నీ పాట ఏ పెత్తనానికీ అలంకారం కాదు, అలంకరించడానికి అక్కడ పెత్తనమే లేదు. ఆమె గర్వం అవతలివాడిని కిందికి తొయ్యదు, కిందనున్నవాడిని లేపి నిలబెడుతుంది. ఇంకో మాట కూడా ఉంది. అందరూ కులం మాట మానేద్దాం అన్నప్పుడు ముందు మానాల్సింది ఎవరు? పై కులంవాడి ఇంటిపేరు, పొలం, పెళ్ళి సంబంధం అన్నీ కులాన్ని చాటుతుంటే, ఆ మాట ఎత్తొద్దని పాటకత్తెకు చెప్పడం న్యాయమా? ఇదంతా ఒప్పుకున్నాక కూడా ఆ అభ్యంతరంలో ఒక పాలు మిగులుతుందని నేనంటాను. దోఆబాలోనే చమార్ల కంటే కిందికి నెట్టబడిన వాల్మీకి కులస్థులున్నారు. మన దగ్గర ఉపకులాల మధ్య వచ్చిన తగువులు మనకు తెలిసినవే. ఒక కులం పేరు మీద కట్టిన పాట పక్క దళిత కులాన్ని ఎంత కలుపుకుంటుంది? ఈ పరీక్ష ఆమె పాటకు ముందు ముందు ఎదురవుతుంది. అంబేడ్కర్ పాటలో ఆ తలుపు తెరిచే ఉంది. కులం పేరు పాటలో అది కాస్త ఇరుకు.

రెండో అభ్యంతరం కళాభిమానుల నుంచి. ఇంత బరువైన విషయానికి ఈ తళుకుబట్టలు, ఈ డీజే మోత ఏమిటి, ప్రజల పాట గంభీరంగా ఉండాలి కదా అంటారు. పంజాబులో సంత్ రామ్ ఉదాసీ అనే దళిత విప్లవ కవి ఉండేవాడు, పొలం కూలీల వేదన తనే గొంతెత్తి పాడేవాడు. మనకు గద్దర్ ఉండేవాడు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆ పాటల గొప్పతనం చెప్పడానికి నా అవసరం లేదు. అయితే ఒక్కటి ఆలోచించండి. దుఃఖం గురించి, తిరుగుబాటు గురించి పేదవాడు పాడితే అది వాడి పాటేనని లోకం ఒప్పుకుంటుంది. వాడు ఏడిస్తే జాలిపడతారు, కోపగిస్తే భయపడతారో మెచ్చుకుంటారో. వాడు షోకు చేస్తే మాత్రం ఓర్వలేరు. పెళ్ళికొడుకు గుర్రమెక్కినందుకు, మీసం తిప్పినందుకు దళితుల్ని కొట్టిన వార్తలు ఈ దేశంలో కొత్త కాదు. అందుకని పాప్ పాట తళుకు ఇక్కడ పైపూత కాదు. నాకూ సొగసు కావాలి, నాకూ ఆట కావాలి, పదిమంది చూసేలా నాకూ ఊరేగింపు కావాలి అనడం కూడా హక్కు అడగడమే. ఉదాసీ పాట సభకు వచ్చినవాళ్ళు విన్నారు. గిన్నీ పాట బస్సులో డ్రైవరు పెడతాడు, పక్క వీధి పెళ్ళిలో మోగుతుంది, సభకు రానివాడి చెవిన కూడా పడుతుంది. మన సినిమాల్లో మీసం తిప్పే పాటలు ఎవరెవరి మీసాల మీద వచ్చాయో ఓసారి గుర్తు చేసుకుంటే ఈ షోకు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

మూడోది అంబేడ్కర్‌నే ముందు పెట్టి అడిగే ప్రశ్న. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన ఒక హెచ్చరిక చేశారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చేమో కానీ, రాజకీయాల్లో వ్యక్తి పూజ పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందన్నది ఆ మాటల సారం. మరి ఆయనకు ఫ్యాన్‌నంటూ పాట కట్టడం ఆయన మాటనే కాదనడం కాదా? కొంతవరకు అవును. గురువు పాట, అంబేడ్కర్ పాట ఒకే వేదిక మీద, ఒకే భక్తి స్వరంలో పాడినప్పుడు మతానికీ రాజకీయానికీ మధ్య గీత చెరిగిపోయే ప్రమాదం ఉంది. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ అభిమానం ఏం కోరుతోందో కూడా చూడాలి. సినిమా హీరో అభిమాని కటౌటుకు పాలు పోస్తాడు, టికెట్టు కొంటాడు. గిన్నీ పాటలోని అభిమాని తన నాయకుడి దగ్గర మెచ్చుకునేది ఆయన పుస్తకాన్ని, చదువును, రాసిన చట్టాన్ని. ఆ అభిమానం నిజమైతే అది పాట వింటున్న పిల్లని గ్రంథాలయానికే తీసుకుపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్లకు రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు చేతికిచ్చి మొదలుపెట్టమంటే ఎవరూ మొదలుపెట్టరు. పాటతో మొదలుపెడితే ఎప్పుడో ఓ రోజు ఆ 1949 ప్రసంగం దాకా వెళ్ళి, ఆ హెచ్చరిక కూడా చదువుతుంది. అప్పుడు ఆ పాటతోనే తగువు పెట్టుకుంటుంది. పెట్టుకోనివ్వండి.

మీలో కొందరికి ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. ఆడపిల్లలకు ధైర్యమిచ్చే పాటలని మొదలుపెట్టి మొత్తం కులం గురించే చెబుతున్నారే అని. గిన్నీ ఆడపిల్లగా పాడిన పాట విడిగా కూడా ఉంది. నేను కూతుర్నైతే ఏమైంది అని నిలదీసే పంజాబీ పాట. 2011 లెక్కల ప్రకారం ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 846 మంది ఆడపిల్లలే ఉన్న రాష్ట్రం అది. అక్కడ ఆ ప్రశ్న ఎంత సూటిగా తగులుతుందో చెప్పక్కర్లేదు. కానీ నా ఉద్దేశంలో ఆ పాటకంటే డేంజర్ చమార్‌లోనే ఆడతనం బలంగా ఉంది. ఎందుకంటారా? పంజాబీ పాప్‌లో ఆడమనిషి స్థానం ఏది? కారు పక్క సీటు. జాట్ కుర్రాడు గొప్పలు చెబుతుంటే ఆమె నవ్వుతుంది, అలుగుతుంది, కొత్త డ్రెస్సు అడుగుతుంది. గిన్నీ ఆ పక్క సీటులోంచి లేచి స్టీరింగ్ ముందు కూర్చుంది. కులం తరఫున గొప్పలు చెప్పుకునే పని ఎక్కడైనా మగవాడిది, మీసం ఉన్నవాడిది. ఆడదాన్ని కులం పరువు అంటారు కానీ కులం గొంతు అనరు. ఇక్కడ ఒక కాలేజీ పిల్ల సముదాయం మొత్తానికీ గొంతైంది, ముందు వరసలో కూర్చున్న పెద్దలు, మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. 2018లో జర్మనీలోని బాన్ నగరంలో జరిగిన ప్రపంచ మీడియా సదస్సు వేదిక మీదకి కూడా ఆమె వెళ్ళింది. నన్ను నేను ప్రేమించుకుంటాను అని పాడే పాటలో ఒక్క మనిషే ఉంటుంది. మేం అని పాడే పాటను ఒక ఆడపిల్ల నడిపిస్తే ఆమె వెనక వీధంతా ఉంటుంది. ధైర్యం ఏ పాటలో ఎక్కువ దొరుకుతుందో మీరే వినండి.

భాష రాదు కదా అంటారేమో. రాకపోయినా కొంత నష్టమే కానీ పెద్ద నష్టం కాదు. పంజాబీ పాటలు అర్థం తెలియకుండానే మనవాళ్ళు ఎన్నేళ్ళుగా ఆడుతున్నారో అందరికీ తెలుసు, ఇప్పుడు అర్థం తెలుసుకుని ఆడొచ్చు. చమార్, బాబాసాహెబ్, రవిదాస్, ఈ మూడు పేర్లు చెవిలో పెట్టుకుంటే చాలు, పాట ఎటు పోతోందో పట్టు దొరుకుతుంది. వినే వరస కూడా చెబుతాను. ముందుగా జాట్ల గొప్ప పాడే పాట ఏదైనా ఒకటి, మీ ఊరి బరాతులో మోగేదే, పూర్తిగా వినండి. డోలు ఎక్కడ లేచింది, గొంతు ఎక్కడ సవాలు చేసింది, పేరు ఎక్కడ గట్టిగా పలికింది, ఇవి గమనించండి. వెంటనే డేంజర్ చమార్ పెట్టుకోండి. అవే చోట్ల అదే డోలు, అదే సవాలు, వేరే పేరు. తర్వాత ఫ్యాన్ బాబాసాహెబ్ ది. చివర్న ఆమె రవిదాస్ భక్తి పాటలు. ఆ భక్తి పాటల్లో గొంతు నెమ్మదిస్తుంది, ఆమెకు సాధన ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది. సంగీతం దృష్టితో చూస్తే అన్ని పాటలూ ఒకే స్థాయిలో లేవు. కొన్నిటిలో వాయిద్యాల ఏర్పాటు మరీ చవకగా ఉంటుంది, కంప్యూటరు గొంతును అనవసరంగా మెరుగుపెట్టిన చోట్లూ ఉన్నాయి. పెద్ద కంపెనీల డబ్బు వెనక లేని పాటలవి, ఆ సంగతి వినిపిస్తుంది.

హిందీ సినిమాల్లో నేపథ్య గాయని కావాలన్నది తన కోరికని గిన్నీ చాలాసార్లు చెప్పింది. గొంతులో ఆ సత్తా ఉంది, అందులో నాకు అనుమానం లేదు. నా ఆసక్తి ఇంకొక దాని మీద. పంజాబీ హంగు లేకుండా ఇప్పుడు బొంబాయిలో పెద్ద సినిమా పాట కట్టడమే అరుదు, ఆ హంగులో జాట్ అన్న పేరు ఇట్టే వచ్చేస్తుంది. ఏ సంగీత దర్శకుడైనా ఆమెను పిలిచిన రోజున గొంతు ఒక్కటే తీసుకుంటాడా, పేరు కూడా తీసుకుంటాడా? చమ్‌కీలా కాలంలో గొంతు ఒక్కటే తీసుకున్నారు.